నిజాంపేటలో ఫైబర్ నెట్: 2019 నుంచి వాడుతున్న అనుభవం

హైదరాబాద్ నిజాంపేటలో మా అపార్ట్‌మెంట్‌కి 2019 చివర్లో ఫైబర్ కనెక్షన్ తీసుకున్నాం. ఇప్పటికీ అదే కంపెనీ, అదే లైను. ప్లాన్ మాత్రం 100 ఎంబీపీఎస్‌తో మొదలై, 300 దాకా వెళ్లి, ఇప్పుడు 150 దగ్గర ఆగింది. ఇంట్లో నేనూ మా ఆవిడా వారంలో ఎక్కువ రోజులు ఇంటి నుంచే పని చేస్తాం. అమ్మాయికి ఆన్‌లైన్ ట్యూషన్లు, అత్తయ్యకు టీవీలో సీరియళ్లు, గుమ్మం పైన ఒక కెమెరా. మొత్తం వాడకం ఇంతే.

కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఇదే కంపెనీ కనెక్షన్ బాచుపల్లిలో మా తమ్ముడి ఇంట్లోనూ ఉంది. అక్కడ నెట్ ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో దేవుడికే తెలియాలి. మా దగ్గర హాయిగా నడుస్తోంది. బిల్లు ఒకటే, యాప్ ఒకటే. తేడా అంతా వీధిలో లైను చూసే మనిషి దగ్గర, ఇంట్లో వైరు వేసిన తీరు దగ్గర ఉంది. అందుకే ఈ సమీక్షలో సగానికి పైగా ఆ రెండింటి గురించే ఉంటుంది.

కొత్తగా కనెక్షన్ తీసుకునేవాళ్లు ముందు పక్క ఫ్లాట్ వాళ్లని అడగాలి. "నెట్ బాగుందా?" అని అడిగితే "పర్లేదండీ" అంటారు, దాంతో ఏమీ తేలదు. రాత్రి తొమ్మిదింటికి, ఐపీఎల్ మ్యాచ్ ఉన్న రోజున ఎలా ఉంటుందో అడగండి. పోయినసారి లైను తెగినప్పుడు ఎన్నాళ్లకి వచ్చి బాగుచేశారో అడగండి. వీలైతే ఆ లైన్‌మన్ ఫోన్ నంబర్ తీసుకోండి. పెద్ద కంపెనీలకి కూడా చాలా చోట్ల ఇంటి దాకా లైను లాగేదీ, చూసుకునేదీ స్థానిక కేబుల్ ఆపరేటరో, కాంట్రాక్టరో. సేల్స్ కుర్రాడు చూపించే రంగుల కాగితంలో ఆయన ప్రస్తావనే ఉండదు. మనకి ఆ తర్వాత పని పడేది మాత్రం ఆయనతోనే.

ఇంకోటి, ఫైబర్ అంటే ఇంట్లోకి వచ్చే తీగ కూడా ఫైబరేనా అని తేల్చుకోవాలి. హైదరాబాద్‌లో చాలాకాలం బిల్డింగ్ దాకా ఫైబర్ తెచ్చి, మెట్ల దగ్గరో మేడ మీదో ఒక నెట్‌వర్క్ స్విచ్ (లైనుని ఫ్లాట్లకి పంచే పెట్టె) పెట్టి, అక్కడి నుంచి ఫ్లాట్లలోకి ల్యాన్ వైరు, అంటే రాగి తీగల నెట్ వైరు లాగేవాళ్లు. ఆ పద్ధతి పనికిరానిదేమీ కాదు. అలా లైన్లు వేసిన బీమ్ (తర్వాత యాక్ట్ అనే నెట్ కంపెనీలో కలిసిపోయింది) లాంటి కంపెనీలతోనే ఈ ఊరికి వేగమైన నెట్ అలవాటైంది. 2017లోనే యాక్ట్ ఇక్కడ 1 జీబీపీఎస్ (వెయ్యి ఎంబీపీఎస్) ప్లాన్ తెచ్చింది. కాకపోతే మెట్ల దగ్గరి స్విచ్‌కి కరెంటు పోతే బిల్డింగ్ మొత్తానికీ నెట్ పోతుంది. దగ్గర్లో పిడుగు పడితే రాగి వైర్ల గుండా వచ్చి పోర్టులు కాలిపోతాయి. తీగ నేరుగా ఇంట్లోని మోడెమ్‌లోకి వస్తే ఈ రెండు టెన్షన్లూ ఉండవు.

ఇక వేగం సంగతి. 300 ప్లాన్‌కి మారిన రోజు ల్యాప్‌టాప్‌కి వైరు పెట్టి టెస్ట్ చేస్తే 94 వచ్చింది. మళ్లీ చేస్తే మళ్లీ 94. కాల్ సెంటర్‌కి ఫోన్ చేస్తే "మా వైపు నుంచి 300 ఫుల్‌గా వస్తోంది సార్" అన్నారు. వాళ్లు చెప్పింది నిజమే. 93, 94 దగ్గర గీత గీసినట్టు ఆగిందంటే మధ్యలో ఏదో ఒకటి 100 ఎంబీపీఎస్ మీద నడుస్తున్నట్టు లెక్క. ల్యాన్ వైరులో ఎనిమిది తీగలు, అంటే నాలుగు జతలు ఉంటాయి. వందకి రెండు జతలు చాలు, వెయ్యికి నాలుగూ కావాలి. మా ఇంట్లో మొదట వైరు బిగించిన అబ్బాయి నాలుగు తీగలే క్లిప్పులో పెట్టి, మిగతా నాలుగూ కత్తిరించేశాడు. వంద ప్లాన్ ఉన్నన్నాళ్లు ఎవరికీ తెలియలేదు. క్లిప్పులు మార్పించి ఎనిమిదీ పెట్టించాక 300 వచ్చింది.

వైరు బాగున్నా 94 దాటకపోతే మోడెమ్ పోర్టు చూడాలి. కంపెనీలు ఉచితంగా ఇచ్చే మోడెమ్‌లలో కొన్నింటికి 100 ఎంబీపీఎస్ పోర్టులే ఉంటాయి. పెద్ద ప్లాన్ అమ్మేటప్పుడు ఈ మాట వాళ్లంతట వాళ్లు చెప్పరు. "గిగాబిట్ పోర్టు ఉన్న మోడెమ్, రెండు బ్యాండ్ల వైఫై ఉన్నది కావాలి" అని మనమే గట్టిగా అడగాలి. అడిగితే చాలాసార్లు ఇస్తారు కూడా.

ఎంబీపీఎస్ లెక్క తెలియక కంపెనీతో గొడవ పడేవాళ్లని చూశాను. 100 ఎంబీపీఎస్ ప్లాన్‌లో ఫైలు డౌన్‌లోడ్ సెకనుకు 12 ఎంబీ చూపిస్తుంది. ప్లాన్ వేగం బిట్లలో చెబుతారు, ఫైలు సైజు బైట్లలో ఉంటుంది, ఎనిమిది బిట్లు ఒక బైటు. కాబట్టి ఎనిమిదితో భాగించాలి, అంతే. మోసం ఏమీ లేదు.

టెస్ట్ ఎక్కడ చేస్తున్నామన్నది కూడా చూసుకోవాలి. మామూలు స్పీడ్ టెస్ట్ యాప్ దగ్గర్లో ఉన్న సర్వర్‌ని ఎంచుకుంటుంది. ఒక్కోసారి అది మన కంపెనీదే అవుతుంది. వీధి చివరి వరకు రోడ్డు బాగుందని దాంతో తెలుస్తుంది, ఊరి బయట ఎలా ఉందో తెలియదు. నేను నెట్‌ఫ్లిక్స్ వాళ్ల ఫాస్ట్ డాట్ కామ్‌లో కూడా చూస్తాను, వేరే కంపెనీ సర్వర్‌ని ఎంచుకుని ఇంకోసారి చూస్తాను. మా లైన్‌లో పగలు దగ్గరి సర్వర్ వేగం, బయటి సర్వర్ల వేగం రెండూ ఒకలాగే ఉంటాయి. రాత్రి ఎనిమిది నుంచి పదకొండు మధ్య రెండోది కొంచెం తగ్గుతుంది. పని ఆగేంత తగ్గుదల మాత్రం మా దగ్గర అరుదు.

ఇంటి లోపలి వైఫై గురించి కాస్త ఎక్కువే రాయాలి. "నెట్ స్లో" అనే ఫిర్యాదుల్లో చాలావరకు ఇక్కడే తేలిపోతాయి. మా మోడెమ్‌ని మొదట గుమ్మం పైన, మీటర్ బాక్సు పక్కన బిగించారు. తీగ అక్కడిదాకానే వచ్చిందట! లోపలి పడకగదికి రెండు గోడలు, ఒక ఇనుప బీరువా దాటి సిగ్నల్ వెళ్లాలి. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ గోడలు బాగానే దాటుతుంది కానీ వేగం తక్కువ. పైగా అపార్ట్‌మెంట్‌లో పైనా కిందా పక్కనా ఉన్న అందరి రూటర్లూ అదే బ్యాండ్‌లో అరుస్తుంటాయి. ఒకదానితో ఒకటి కలవని ఛానెళ్లు అందులో 1, 6, 11 మాత్రమే. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు ఎక్కువ, వేగం ఎక్కువ, కానీ ఒక కాంక్రీటు గోడ దాటేసరికే నీరసిస్తుంది.

మేం చేసిందేమిటంటే, మోడెమ్‌ని హాల్లో టీవీ పక్కకి తెప్పించాం. ఫైబర్ తీగ ఇంకాస్త లాగించడానికి లైన్‌మన్‌కి విడిగా డబ్బులిచ్చాం. రెండు బ్యాండ్లకీ వేరే పేర్లు పెట్టాం. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, టీవీ 5 మీద, కెమెరా 2.4 మీద. పడకగదికి మాత్రం పాత టీవీ కేబుల్ వెళ్లే గోడ పైపులోంచి క్యాట్ 6 రకం ల్యాన్ వైరు లాగి, చివర రెండో రూటర్ పెట్టాం. అంతకుముందు కొన్నాళ్లు ప్లగ్గులో గుచ్చే రిపీటర్ వాడాం. సిగ్నల్ గీతలు నిండుగా కనిపించేవి, వేగం మాత్రం సగం. మామూలు రిపీటర్ ఒకే రేడియోతో అటు వినాలి, ఇటు చెప్పాలి కాబట్టి అంతకన్నా రాదు. వైరు లాగే వీలు లేని ఇంట్లో మెష్ (ఒకదానితో ఒకటి వైఫైతోనే కలిసే రూటర్ల సెట్) కొనుక్కోవచ్చు, ఖరీదు ఎక్కువ. వీలుంటే వైరే మేలు. కొత్త ఫ్లాట్ కట్టించుకుంటున్నవాళ్లు ప్రతి గదికీ ఒక ల్యాన్ పైపు వేయించుకుంటే ఈ తంటాలే ఉండవు. మన బిల్డర్లు ఏసీ పాయింట్ గుర్తుపెట్టుకుంటారు, దీన్ని ఎందుకో మర్చిపోతారు.

డీఎన్ఎస్ (సైటు పేరుని దాని నెట్ అడ్రస్‌గా మార్చే సర్వర్) మారిస్తే వేగం రెట్టింపవుతుందని చెప్పే వీడియోలు వస్తుంటాయి. పేజీ తెరుచుకోవడం మొదలవడంలో కాస్త తేడా ఉంటే ఉండొచ్చు. డౌన్‌లోడ్ వేగం దానితో మారదు.

ఇక లైను. మోడెమ్ మీద ఎల్ఓఎస్ అనే చిన్న లైటు ఎర్రగా వెలిగిందంటే కాంతి అందడం లేదని అర్థం. అప్పుడు రూటర్ ఆపి పెట్టడం, రీసెట్ బటన్ నొక్కడం వృథా. రీసెట్ నొక్కితే ఉన్న సెట్టింగులు కూడా పోతాయి. ఎర్ర లైటు లేకుండా ఉన్నట్టుండి నెట్ పోయి వస్తుంటే మోడెమ్ సెట్టింగుల పేజీలో ఆప్టికల్ పవర్, అంటే తీగలో అందే కాంతి బలం చూడండి. మైనస్ అంకెల్లో ఉంటుంది. మైనస్ 20 అటూ ఇటూ ఉంటే బాగున్నట్టు. మైనస్ 27 దగ్గరికి వెళ్తే ప్రాణం గాల్లో దీపమే. మాకు ఒక వానాకాలం అంతా రోజూ సాయంత్రం తెగేది. కాల్ సెంటర్ వాళ్లు రూటర్ మార్చుకోమన్నారు. మోడెమ్ పేజీలో మైనస్ 28 కనిపించింది. లైన్‌మన్‌కి ఆ అంకె చెప్పగానే "జాయింట్ పోయినట్టుంది సార్" అని ఫోన్‌లోనే అన్నాడు. స్తంభం దగ్గర ఎవరో తెగిన తీగని అతికించి, ప్లాస్టిక్ టేపు చుట్టి వదిలేశారు. స్ప్లైసింగ్ మెషీన్‌తో మళ్లీ జాయింట్ కొట్టాక మైనస్ 21కి వచ్చింది. ఒక జాగ్రత్త: తెగిన ఫైబర్ చివర కంటితో చూడకూడదు. లోపలి లేజర్ మనకి కనిపించదు, కంటికి మాత్రం హాని.

కస్టమర్ కేర్‌కి నేను మంచి మార్కులు వేయలేను. మనిషి ఇంటికి రాకుండానే "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని మెసేజ్ వస్తుంది. లేదా ఫోన్ చేసి "ఓటీపీ చెప్పండి సార్, పని అవుతోంది, టికెట్ క్లోజ్ చేసేస్తా" అంటారు. నెట్ వచ్చి, టెస్ట్ చూసుకునేదాకా ఓటీపీ ఇవ్వకండి. ఫిర్యాదు నంబర్ తప్పకుండా తీసుకోండి. కాల్ సెంటర్ తేల్చకపోతే ప్రతి కంపెనీలోనూ అప్పీలు వినే అధికారి ఉండాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనల్లో ఉంది, దానికి ఫీజు లేదు. నేను ఒకసారి అప్పీలు మెయిల్ పెట్టాక, అంతవరకు దొరకని లైన్‌మన్ దొరికాడు. ఆయన తప్పేమీ లేదు. ఒక్కడే రెండు కాలనీలు చూస్తున్నాడు.

కంపెనీ చేతుల్లో లేనివీ ఉంటాయి. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ సంస్థ స్తంభాల మీది కేబుళ్లు కోయించింది, నగరంలో చాలా చోట్ల నెట్ పోయింది. గొడవ హైకోర్టు దాకా వెళ్లింది. ఏ కంపెనీ ప్లాన్ ఎంత గొప్పదైనా తీగ స్తంభం మీద వేలాడుతున్నంతకాలం ఈ ప్రమాదం ఉంటుంది. నేల కింద నుంచి లైను వచ్చే గేటెడ్ కమ్యూనిటీ వాళ్లు ఈ విషయంలో అదృష్టవంతులు. ఆ రోజుల్లో మా పని ఫోన్ హాట్‌స్పాట్ మీదే నడిచింది. అందుకే ఫోన్ సిమ్ మాత్రం ఇంటి నెట్ కంపెనీది కాకుండా వేరేది ఉంచుకుంటున్నాం.

కరెంటు కోతకి 12 వోల్టుల చిన్న యూపీఎస్ కొన్నాం. మోడెమ్‌కీ రూటర్‌కీ కలిపి గంటలకొద్దీ సరిపోతుంది. ఈ కనెక్షన్ కోసం పెట్టిన ఖర్చుల్లో బాగా గిట్టుబాటైనది ఇదే.

ధర విషయానికొస్తే, 2019 సెప్టెంబర్‌లో జియో ఫైబర్ 699 రూపాయలకి 100 ఎంబీపీఎస్ అని వచ్చాక మిగతా కంపెనీలూ ధరలు దించాయి. 2020లో 399కే 30 ఎంబీపీఎస్ ప్లాన్ వచ్చింది. ఆంధ్రలో అంతకుముందే, 2017 డిసెంబర్‌లో, ఏపీ ఫైబర్‌నెట్ నెలకు 149కే నెట్, టీవీ, ఫోన్ కలిపి మొదలైంది. ప్రకటనలో కనిపించే అంకెకి 18 శాతం జీఎస్టీ కలుపుకోవాలి. "అన్‌లిమిటెడ్" అన్నా చాలా ప్లాన్లకి నెలకు 3,300 జీబీ హద్దు ఉంటుంది. మామూలు ఇల్లు దాన్ని చేరుకోవడం కష్టం. ఏడాదికి ఒకేసారి కడితే ఒకటి రెండు నెలలు ఉచితం అంటారు. మొదటి మూడు నెలలు నెలనెలా కట్టి, లైను సంగతి చూసుకున్నాకే అది చేయండి.

300 నుంచి 150కి ఎందుకు దిగామంటే, మాకు తేడా తెలియలేదు. 4కే సినిమాకి నెట్‌ఫ్లిక్స్ అడిగేది 15 ఎంబీపీఎస్. వీడియో కాల్‌కి అందులో మూడో వంతు కూడా అక్కర్లేదు. పెద్ద పెద్ద ఫైళ్లు పంపించే పని ఉన్నవాళ్లు డౌన్‌లోడ్ కన్నా అప్‌లోడ్ వేగం ఎంతో అడగాలి. బయట ఊరి నుంచి ఇంట్లో డీవీఆర్‌ని (కెమెరా రికార్డింగులు దాచే పెట్టె) నేరుగా చూడాలనుకునేవాళ్లు స్టాటిక్ ఐపీ, అంటే మనకే ప్రత్యేకమైన, మారని నెట్ అడ్రస్ ఇస్తారో లేదో ముందే కనుక్కోవాలి. ఇప్పుడు చాలా కంపెనీలు ఒకే ఐపీని ఎంతోమందికి పంచుతున్నాయి, రూటర్ సెట్టింగుల్లో పోర్టు (లోపలికి దారి) తెరిచినా బయటి నుంచి లోపలికి రాలేరు. మా కెమెరా క్లౌడ్ మీద నడుస్తుంది కాబట్టి మాకు ఆ బాధ లేదు.

తీగ లేని 5జీ ఎయిర్‌ఫైబర్‌ని తమ్ముడు ఇప్పుడు ఆలోచిస్తున్నాడు. 2023 వినాయక చవితికి జియో హైదరాబాద్‌తో సహా ఎనిమిది నగరాల్లో దాన్ని మొదలుపెట్టింది. స్తంభాల గొడవ ఉండదు, కానీ టవర్ మీద రద్దీ పెరిగితే వేగం తగ్గుతుంది, పింగ్ (డేటా వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం) కూడా ఫైబర్ అంత నిలకడగా ఉండదు. ఫైబర్ సరిగా అందని వీధిలో అదే నయం అని నేనూ చెప్పాను. పాత కనెక్షన్ ఆపించేటప్పుడు మోడెమ్, అడాప్టర్ రెండూ వెనక్కిచ్చి, సీరియల్ నంబర్ రాసిన రసీదు తీసుకోమని కూడా చెప్పాను. రసీదు లేకపోతే డిపాజిట్ వెనక్కి రావడం అటుంచి, మోడెమ్ ఇవ్వలేదని బిల్లు వస్తుంది.