మూడేళ్ల హోమ్ ప్రొటెక్షన్ ప్లాన్: గీజర్ దగ్గర తేలిన లెక్క

ఏసీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, రెండు గీజర్లు, అన్నిటి రిపేర్లకూ కలిపి ఒకే ప్లాన్. మూడేళ్లుగా కడుతున్నాను.

మొదటి ఏడాది మే నెలలో ఏసీ పీసీబీ (లోపలి సర్క్యూట్ బోర్డు) పోతే రెండో రోజే వచ్చి పైసా అడగకుండా మార్చారు. అపార్ట్‌మెంట్ గ్రూపులో తెగ పొగిడాను. నా మాట విని ముగ్గురు తీసుకున్నారు కూడా. తర్వాతెప్పుడో పాత బిల్లు తీసి చూస్తే, ఆ పీసీబీకి ఏసీ కంపెనీదే ఐదేళ్ల వారంటీ ఉంది.

రెండో ఏడాది డిసెంబరులో పెద్ద గీజర్ ఆన్ చేస్తే చాలు ఎంసీబీ (కరెంటు బోర్డులోని సేఫ్టీ స్విచ్) పడిపోయేది. వచ్చిన కుర్రాడు కింద ప్లేటు విప్పి నీళ్లు వేడిచేసే ఎలిమెంట్ బయటికి లాగాడు. కాయిల్ కనబడనంతగా తెల్లటి ఉప్పు గడ్డకట్టింది. ట్యాంకు తుప్పు పట్టకుండా పక్కనుండే మెగ్నీషియం రాడ్ కరిగిపోయి లోపలి తీగ మాత్రం మిగిలింది. "బోరు నీళ్లా సార్?" అన్నాడు. హైదరాబాద్ నిజాంపేటలో మా సంపులో బోరు, ట్యాంకరు, నల్లా నీళ్లు అన్నీ కలిసే ఉంటాయి. ఫొటోలు తీసుకెళ్లాడు. సాయంత్రానికి మెసేజ్: స్కేలింగ్ (ఉప్పు పేరుకోవడం) వల్ల పాడైంది, కవర్ కాదు.

ఒళ్లు మండింది. మా ఏరియాలో గీజర్ ఉప్పు నీళ్లకు కాక ఇంకెందుకు పోతుంది? విస్తరి వేసి అన్నం మాత్రం అడగొద్దన్నట్టు ఉంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేద్దామని కాంట్రాక్టు తీశాను. పూర్తిగా చదవడం అదే మొదటిసారి. కవర్ కానివాటిలో స్కేలింగ్ ఉంది, రాడ్ కూడా ఉంది. అంతకు రెండు పేజీల ముందే ఇంకో లైను: ఏడాదికోసారి డీస్కేలింగ్, అంటే ఆ ఉప్పు తీసి శుభ్రం చేయడం, ఉచితం, మనం బుక్ చేసుకుంటేనే. నేను చేసుకోలేదు. వాళ్లూ గుర్తు చేయలేదు, రెన్యువల్‌కి మాత్రం నెల ముందు నుంచే ఫోన్లు. ఎలిమెంటు, రాడ్, గాస్కెట్ కలిపి 1,900 నా జేబులోంచే పోయాయి.

మూడో ఏడాది దసరా సెలవుల్లోనే డీస్కేలింగ్ చేయించి, జాబ్ షీట్ ఫొటో దాచాను. ఫిబ్రవరిలో థర్మోస్టాట్ పోయింది. మళ్లీ స్కేలింగ్ పాట ఎత్తుకోగానే ఆ ఫొటో పంపాను. నాలుగు రోజులు తిప్పారు గానీ మార్చారు.

మళ్లీ రెన్యూ చేశాను, ఒప్పుకుంటాను. ఇంట్లో అమ్మ ఉంటుంది, ఎండాకాలం మెకానిక్‌ల కోసం తిరిగే ఓపిక నాకు లేదు. నీళ్లలో ఉప్పు తగ్గించే సాఫ్ట్‌నర్ ఉన్న అపార్ట్‌మెంట్లలో ఈ గొడవే ఉండకపోవచ్చు. గీజర్లు మాత్రం ప్లాన్‌లోంచి తీసేశాను. మా వీధి ఎలక్ట్రీషియన్ ఒక్కోదానికి ఐదొందలు తీసుకుని విప్పి కడుగుతాడు, రాడ్ ఎంత మిగిలిందో చేతిలో పెట్టి చూపిస్తాడు.