7,200 ఆర్‌పీఎం కోసం కట్టించిన ఎస్టీమ్ హెడ్డు: 41,000 కిలోమీటర్ల తర్వాత

హనుమకొండలో నా దగ్గరున్నది 2004 మోడల్ మారుతి ఎస్టీమ్. 2021లో దసరా వాహనపూజ అయిన మరుసటి వారమే దాని హెడ్డు, అంటే ఇంజిన్ పైన వాల్వులు, కామ్ ఉండే భాగం, దింపించాను. తిరిగి ఎక్కించిన నాటి నుంచి ఇప్పటికి 41,000 కిలోమీటర్లు తిరిగింది. కారు గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి నేను ఆ హెడ్డు గురించే రాస్తున్నాను. వాల్వులు ఆనుకునే సీట్లు, వాటి కాడలు కదిలే గైడ్లు, వాటిని మూసే స్ప్రింగుల మీద పెట్టిన ప్రతి రూపాయీ నాకు దక్కింది. వాల్వులను తెరిచే కామ్ విషయంలో మాత్రం ఆశపడి, ఎక్కువ ఆర్‌పీఎంకు (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లకు) పనికొచ్చే ఒక మెట్టు పైది తీసుకున్నాను, దాని బాకీ ఇప్పటికీ సిగ్నల్ పడ్డ ప్రతి చోటా తీరుస్తున్నాను.

ఈ ఇంజిన్‌నే ఎంచుకోవడానికి కారణం ఉంది. 1,298 సీసీ, ఒకే కామ్‌షాఫ్ట్, పదహారు వాల్వులు, కంపెనీ లెక్క ప్రకారం 6,000 ఆర్‌పీఎం దగ్గర 85 హార్స్‌పవర్. బోరు 74 మి.మీ., స్ట్రోకు 75.5 మి.మీ. కావడంతో పిస్టన్ ప్రయాణించే దూరం తక్కువ. 7,200 ఆర్‌పీఎం దగ్గర కూడా పిస్టన్ సగటు వేగం సెకనుకు 18 మీటర్ల పైచిలుకే, కాబట్టి కింది భాగం మంచి స్థితిలో ఉంటే భయపడాల్సిన అంకె కాదు. నా బోరు కొలిపించి చూస్తే అరుగుదల హద్దులోనే ఉంది, అందుకే పిస్టన్ల జోలికి వెళ్లకుండా రింగులు, బేరింగులు మాత్రం కొత్తవి వేయించాను. ఇబ్బందంతా పైనే ఉండేది. 6,300 దాటాక ఇంజిన్ గొంతు మారిపోయేది, యాక్సిలరేటర్ ఇంకా తొక్కినా లాగుడు ఉండేది కాదు.

ఆ ఆర్‌పీఎం వద్ద లోపల జరిగేదేమిటో తెలియకుండా ఖర్చుకు దిగకూడదు. 7,200 ఆర్‌పీఎం అంటే ప్రతి వాల్వూ సెకనుకు 60 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. తెరిచేది కామ్, మూసేది స్ప్రింగ్. వేగం పెరిగేకొద్దీ వాల్వు, దాన్ని నొక్కే రాకర్‌ల బరువును వెనక్కి లాగే శక్తి పాత స్ప్రింగుకు చాలదు. వాల్వు కామ్ ఆకారాన్ని వదిలి గాలిలో తేలుతుంది, సీటు మీద పడి ఎగిరి మళ్లీ పడుతుంది. పదిహేడేళ్ల స్ప్రింగులను విప్పి పక్కపక్కనే నిలబెడితే వాటి ఎత్తుల్లోనే తేడా కంటికి కనిపించింది. చాలామంది మొదట పోర్టుల వైపు, పెద్ద సైలెన్సర్ వైపు చూస్తారు గానీ, నా అనుభవంలో ఎక్కువ ఆర్‌పీఎం అనే పని స్ప్రింగు దగ్గరే మొదలవుతుంది.

మొదటి దెబ్బ కూడా ఇక్కడే తిన్నాను. హెడ్డును మొదట ఇచ్చిన షాపు పేరు చెప్పను; ట్రాక్టర్ల హెడ్లు, లారీల హెడ్లు రోజూ వచ్చిపోయే చోటు అది. గైడ్లు మార్చి, సీట్లు కటింగ్ చేసి, వాల్వులు పేస్టుతో రుద్ది, పోర్టుల్లో కిరోసిన్ పోసి చూపించారు. ఒక్క చుక్క కూడా కారలేదు, నేను సంతోషంగా డబ్బు కట్టి వచ్చాను. ఇంటికి తెచ్చాక డెప్త్ గేజ్‌తో వాల్వు కాడల ఎత్తు కొలిస్తే మూడో సిలిండర్‌లో రెండు ఎగ్జాస్ట్ వాల్వులూ మిగతావాటి కంటే 0.8 మి.మీ. లోపలికి దిగి ఉన్నాయి. సీటును లోతుగా కోసేశారన్నమాట. వాల్వు లోపలికి ఎంత దిగితే కాడ పైకి అంత లేస్తుంది, స్ప్రింగ్ అంత సాగి కూర్చుంటుంది, దాని బిగువు ఆ మేరకు పడిపోతుంది. రాకర్ కోణం మారుతుంది, ఆ చాంబర్ సైజు పెరిగి కంప్రెషన్ కూడా ఆ ఒక్క సిలిండర్‌లోనే తగ్గుతుంది. సీటు వెడల్పు కూడా రెండు మి.మీ. దాటింది. ఇవేవీ కిరోసిన్ పరీక్షలో బయటపడవు. పేస్టుతో గట్టిగా రుద్దితే ఎంత చెడ్డ సీటైనా కిరోసిన్‌ను ఆపుతుంది.

రెండోసారి హైదరాబాద్‌లో ఒక మెషిన్ షాపుకు తీసుకెళ్లాను. అక్కడి పెద్దాయన సీట్లు చూసి, ఆ రెండూ తీసేసి కొత్త ఇన్సర్టులు (హెడ్డులో బిగించే సీటు రింగులు) వేయాలన్నారు. అల్యూమినియం హెడ్డును ఓవెన్‌లో వేడిచేసి, ఇన్సర్టును చల్లబరచి దించితే చల్లారాక పట్టు బిగుస్తుంది. చల్లటి హెడ్డులోకి సుత్తితో కొడితే అల్యూమినియం గీసుకుపోతుంది. గైడ్లు కూడా అలాగే వేడి మీదే మార్చారు. తర్వాత ప్రతి సీటుకూ మూడు కోణాలు కోశారు. వాల్వు కూర్చునేది 45 డిగ్రీల మీద, చాంబర్ వైపు 30, పోర్టు వైపు 60. ఇన్‌టేక్ సీటు వెడల్పు ఒక మి.మీ. పైచిలుకు, ఎగ్జాస్ట్‌ది ఒకటిన్నరకు దగ్గర. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిలో ఎక్కువ భాగాన్ని సీటు ద్వారానే హెడ్డులోకి వదులుతుంది కాబట్టి దాన్ని మరీ సన్నబరిస్తే కాలిపోతుంది. ఆయన వాల్వుకు నీలిరంగు పల్చగా పూసి సీటు మీద ఒక్కసారి ఆనించి, పావు చుట్టు తిప్పి తీసి, వెలుతురుకు పట్టి నాకు చూపించారు. వాల్వు ముఖం మధ్యలో దారప్పోగులాంటి సన్నటి వలయం, ఎక్కడా తెగలేదు. "గీత సన్నగ ఉంటే సాలదు సార్, సుట్టూరా ఒక్కతీరుగ ఉండాలె" అన్నారు. పదహారు వాల్వులకూ అదే చూపించే దాకా నన్ను కదలనివ్వలేదు, నేనూ కదలలేదు.

పోర్టుల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. పెద్దవి చేయించలేదు. పోర్టు వెడల్పయితే గాలి వేగం పడిపోతుంది, 1,300 సీసీ ఇంజిన్‌కు అది కింది ఆర్‌పీఎంలో నష్టమే. సీటు కింద గైడ్ చుట్టూ ఉన్న పోత మొరటుతనాన్ని తీయించి, పోర్టు లోపలి వంపును కొంచెం గుండ్రంగా మలిపించి, మానిఫోల్డ్ గాస్కెట్‌కు అంచులు కలిపించాను. ఇన్‌టేక్ లోపలి భాగాన్ని అద్దంలా పాలిష్ చేయకుండా 80 నంబరు ఎమ్రీ గరుకుతోనే వదిలేశాం. ఫోటోలో మెరిసే పోర్టు ఎంత అందంగా ఉన్నా దానివల్ల ఒరిగేది ఏమీ లేదు.

హెడ్డు అడుగును చదును చేసే ఫేసింగ్‌లో 0.3 మి.మీ. పోయింది. ఇది చెప్పుకోవాల్సిన విషయం, ఎందుకంటే ఎంత మేర ఫేసింగ్ తీస్తే కామ్ పుల్లీ క్రాంక్‌కు అంత దగ్గరవుతుంది. బెల్టులో పుట్టిన సడలింపును టెన్షనర్ తన వైపు లాగేసుకోవడంతో కామ్ కాస్త వెనకబడుతుంది. అది ఒక డిగ్రీ లోపే గానీ, ఆకారం మార్చి మళ్లీ సాన పట్టిన (రీగ్రైండ్) నా కామ్‌లో ఉన్న తేడా దానికి తోడై డిగ్రీ చక్రం, డయల్ గేజ్ పెట్టి చూస్తే మొత్తం నాలుగు డిగ్రీలు తేలింది. సర్దుబాటు చేసుకునే కామ్ పుల్లీ వేయించుకోవడం వల్ల సరిచేయగలిగాం. పిస్టన్‌కు, వాల్వుకు మధ్య ఖాళీని చూడడానికి పిల్లలు ఆడుకునే రంగు ముద్దను పిస్టన్ మీద అంటించి, ఇంజిన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి, విప్పి, అచ్చు పడ్డ చోట బ్లేడుతో కోసి మందం కొలిచాం. ఆ రెండూ అతి దగ్గరగా వచ్చేది పిస్టన్ సరిగ్గా పైకి చేరినప్పుడు కాదు, దానికి పది డిగ్రీలు అటూ ఇటూ. ఇన్‌టేక్ వైపు రెండు మి.మీ.కు పైగా మిగిలింది. ఆ రాత్రి నిశ్చింతగా పడుకున్నాను.

హెడ్డు మీద మొత్తం 68,000 రూపాయలు అయ్యాయి, మొదటి షాపులో పోగొట్టుకున్నది కలపకుండా. ఇంజిన్‌ను నడిపే కంపెనీ కంప్యూటర్ (ఈసీయూ) ఈ కామ్‌తో పని చేయలేదు. విడిగా ప్రోగ్రామ్ చేసుకునేది పెట్టి 7,200 దగ్గర హద్దు కట్టించడానికి అంతకంటే ఎక్కువే అయింది. దీన్ని లెక్కలో వేసుకోకుండా హెడ్డు పని మొదలుపెట్టేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

ఇక నడక సంగతి. 4,500 దాకా మామూలు కారే, నిజానికి మామూలు కంటే కొంచెం మందం. అక్కడి నుంచి స్వరం బిగుసుకుని, 5,500 దాటాక వెనక నుంచి ఎవరో తోసినట్టు 7,000 దాకా ఒకే ఊపులో వెళ్తుంది. జనగామ దాటాక ఖాళీ రోడ్డు మీద మూడో గేర్‌లో గంటకు 60 నుంచి 100 కిలోమీటర్ల వేగానికి వెళ్లడానికి ముందు 9.2 సెకన్లు పట్టేది, ఇప్పుడు 7.8 పడుతోంది. అదే మూడో గేర్‌లో 30 నుంచి 60కి వెళ్లడానికి మాత్రం ఒక సెకను పైగా ఎక్కువవుతోంది. శ్రీపెరంబుదూరు దగ్గరి ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కు రెండుసార్లు తీసుకెళ్లాను, 3.7 కిలోమీటర్ల ఆ చుట్టులో సూది 5,000 కిందికి దిగనవసరం లేని చోట ఈ హెడ్డు ఎందుకు కట్టించానో అర్థమైంది. రోజూ తిరిగే హనుమకొండ, కాజీపేట రోడ్డు మీద అర్థం కాదు.

ఈ మాట ఎంత నిజమో 2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు వెళ్లినప్పుడు తెలిసింది. ములుగు దాటాక, తాడ్వాయి అడవిలో బండ్లు నత్తనడకన కదిలాయి. ఈ కామ్‌కు ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కలిసి తెరిచి ఉండే సమయం ఎక్కువ. కింది ఆర్‌పీఎంలో కాలిన పొగ వెనక్కి ఇన్‌టేక్‌లోకి చేరి, మానిఫోల్డ్‌లో వాక్యూమ్ పడిపోతుంది. అందుకే ఐడ్లింగ్ 1,050 పెట్టినా ఇంజిన్ కుంటుతున్నట్టు ఊగుతుంది. మొదటి గేర్‌లో క్లచ్ వదిలితే కారు కుదుపుతో ముందుకు దూకేది, పట్టి ఉంచితే ప్లేట్ వాసన వచ్చేది. వెనక సీట్లో మా అమ్మ బంగారాన్ని, అంటే మొక్కు బెల్లాన్ని, ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మూడు గంటల తర్వాత "బిడ్డా, ఈ బండికి దమ్ము రోగమొచ్చిందా?" అని అడిగింది. ఏసీ ఆపేసి, అద్దాలు దించి, అందరం దుమ్ము తింటూ వెళ్లాం.

ఎండాకాలం ఇంకొక పరీక్ష. మే నెలలో రామగుండం వైపు వెళ్లినప్పుడు ఇన్‌టేక్ గాలే వేడిగా ఉంటుంది, ఫేసింగ్‌తో కంప్రెషన్ పెరిగింది కాబట్టి మామూలు పెట్రోల్‌తో నాలుగో గేర్‌లో తొక్కితే సన్నగా నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండే టకటక చప్పుడు) వినిపించేది. స్పార్క్ టైమింగ్ రెండు డిగ్రీలు తగ్గించి, దొరికిన చోట 95 ఆక్టేన్ పోయిస్తున్నాను. ఇథనాల్ కలిసిన పెట్రోల్ వచ్చాక నాకింగ్ ఇంకా తగ్గింది గానీ, ఈసీయూలో ఇంధనం మోతాదును కాస్త పెంచాల్సి వచ్చింది, పాత రబ్బరు పైపులన్నీ మార్చాల్సి వచ్చింది. హైవే మీద 15.5 ఇచ్చిన మైలేజీ ఇప్పుడు 12.8.

అరుగుదల విషయంలో ఈ హెడ్డు నన్ను ఆశ్చర్యపరిచింది. బిగువు స్ప్రింగులు కామ్‌ను తినేస్తాయని భయపడ్డాను. 40,000 దగ్గర కవరు విప్పి చూస్తే కామ్ లోబుల మీద గీతల్లేవు. ఆయిల్‌ను ప్రతి 5,000కూ మారుస్తున్నాను, జింక్, ఫాస్ఫరస్ తగినంత ఉన్నదే పోస్తున్నాను. ఆయిల్ తాగడం లేదు, పొగ లేదు, గైడ్లు గట్టిగానే ఉన్నాయి.

ఒక్కటే తేడా కనిపిస్తోంది. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ టాపెట్ ఖాళీ (రాకర్‌కు, వాల్వు కాడకు మధ్య వదిలే సందు), కొత్త ఇన్సర్టులు వేసిన చోటే, చూసిన ప్రతిసారీ రెండు మూడు వందో వంతుల మి.మీ. తగ్గుతోంది. టాపెట్ వదులైతే చప్పుడు చేసి చెబుతుంది, బిగిసేది మాత్రం నోరెత్తదు. వాల్వు సీటులోకి కొద్దికొద్దిగా దిగుతోందని దాని అర్థం. పట్టించుకోకపోతే ఒకరోజు వాల్వు పూర్తిగా మూసుకోక అంచు కాలిపోతుంది. అందుకే ఇప్పుడు ప్రతి 5,000కూ ఆయిల్‌తో పాటు ఆ సందు కొలిచే ఫీలర్ గేజ్ కూడా బయటికి తీస్తున్నాను. ఈ వేసవి దాటాక హెడ్డు మళ్లీ దింపాలి. అప్పుడు ఆ రెండు సీట్లతో పాటు కామ్‌నూ మార్చి, ఒక మెట్టు కిందిది వేయించాలని నిశ్చయించుకున్నాను. గ్రైండింగ్‌కు పంపడానికి పాత కంపెనీ కామ్‌ను నూనె పూసి గోనెసంచిలో చుట్టి అటక మీద ఉంచాను.