కుక్క కంట్లో శుక్లం కరిగిస్తామనే డ్రాప్స్ కొనకండి

"ఆపరేషన్ అక్కర్లేదు, మూడు నెలల్లో శుక్లం కరిగిపోతుంది" అని ఫోన్లో ప్రకటనలు వస్తున్నాయి కదా, ముసలి కుక్కలున్న వాళ్లు వాటి జోలికి పోకండి.

మా పొమేరియన్‌కి తొమ్మిదేళ్లు. కొద్ది వారాల్లోనే రెండు కళ్లూ తెల్లబడి కుర్చీలకి గుద్దుకోవడం మొదలుపెట్టింది. అమ్మేవాడికి ఫోటో పంపిస్తే చూసి, "మొదటి స్టేజే సార్, ఒక్క సీసా చాలు, మూడు నెలలు వస్తుంది" అని 1,800 తీసుకున్నాడు. వచ్చిన సీసా మీద లైసెన్స్ నంబరు లేదు, బ్యాచ్ నంబరు లేదు. అసలు కంటి డ్రాప్స్ మూత తీశాక మామూలుగా నెలలోపే పారేయాలి, వీడేమో మూడు నెలలు వాడమంటాడు!

కళ్లు ఎర్రబడి తెరవలేకపోతుంటే పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన ముందు అడిగింది కళ్ల గురించి కాదు, నీళ్లు ఎక్కువ తాగుతోందా, తింటున్నా చిక్కిపోతోందా అని. రెండూ నిజమే. రక్తపరీక్ష చేస్తే షుగర్. కుక్కల్లో షుగర్ పెరిగితే కంటి కటకం నీళ్లు పీల్చుకుని చాలా త్వరగా తెల్లబడుతుందట, అలా వచ్చిన శుక్లాన్ని వదిలేస్తే కంటి లోపల వాపు, ఆ తర్వాత కంట్లో ప్రెషర్ పెరగడం. ఏ డ్రాప్సూ దాన్ని కరిగించవు, ఆపరేషన్ ఒక్కటే దారి, అదీ షుగర్ అదుపులోకి వచ్చి, వాపు తగ్గి, కంటి వెనక పొర రెటీనా బాగుందని తేలితేనే. ఇప్పుడు రోజూ ఇన్సులిన్, వాపుకి వేరే డ్రాప్స్.

మరి ఆ ప్రకటనల్లో "ముందు, తర్వాత" ఫోటోలు ఎలా వస్తాయంటారా? ఏడెనిమిదేళ్లు దాటిన కుక్కల కళ్లలో వయసుతో నీలంగా మసక వస్తుంది, అది శుక్లం కాదు, చూపుకి పెద్దగా అడ్డం రాదు. వెలుతురు కోణం మారిస్తే ఫోటోలో ఆ మసక కనిపించదు, అంతే.

డబ్బులు అడిగితే తెరిచిన సీసా వాపసు తీసుకోం అన్నాడు, తర్వాత బ్లాక్ చేశాడు. మందుతో శుక్లం నయం చేస్తామని ప్రకటన ఇవ్వడాన్నే 1954 నాటి చట్టం నిషేధించింది, ఆ చట్టంలో ఉన్న జబ్బుల లిస్టులో షుగర్ కూడా ఉంది. బిల్లు, చాటింగ్ స్క్రీన్‌షాట్లు పెట్టి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. మీరూ కొని ఉంటే చేయండి, సీసా వాడకండి కానీ పారేయకండి, సాక్ష్యంగా పనికొస్తుంది.