అన్నయ్య వీల్‌చెయిర్‌కు గాలి గదుల కుషన్: పద్నాలుగు నెలల అనుభవం

మా అన్నయ్య తాటిచెట్టు మీద నుంచి పడి వెన్నుపూస దెబ్బతిన్నాక నడుము కింద స్పర్శ పూర్తిగా పోయింది. వీల్‌చెయిర్‌తో పాటు దుకాణంవారు ఇచ్చిన రెండంగుళాల స్పాంజి దిండు చేత్తో నొక్కితే మెత్తగానే ఉండడంతో మేము ఇంకేమీ ఆలోచించలేదు. ఐదు నెలలకు, స్నానం చేయిస్తున్నప్పుడు, కుడి పిరుదు కింద రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ కనిపించింది. వేలితో నొక్కి వదిలినా ఆ ఎరుపు తెల్లబడలేదు. నొప్పి తెలియని మనిషికి పుండు రాబోతోందని చెప్పే గుర్తు అదే. గవుసు విప్పి చూస్తే, ఎముక ఆనే చోట స్పాంజి అప్పడంలా అణగిపోయి ఉంది.

మచ్చ తగ్గేదాకా పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఫిజియోథెరపిస్టు సలహాతో నాలుగంగుళాల ఎత్తున్న రోహో కుషన్ తీసుకున్నాము. నల్లటి నియోప్రీన్ రబ్బరుతో చేసిన దీనిలో వరుసలుగా నిలబడిన గాలి గదులు ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. బరువు ఎక్కువగా పడినచోటి గాలి పక్క గదుల్లోకి తప్పుకోవడం వల్ల కూర్చునే ఎముకలు లోపలికి దిగి, భారం తొడలకు కూడా పంచుకుపోతుంది.

దీని మేలంతా గాలి కొలతలోనే ఉంది. మొదటివారం మేము బంతిలా బిగువుగా నింపాము. అన్నయ్య దానిలోకి దిగకుండా దాని మీదే నిలబడ్డట్టు కూర్చున్నాడు. సరైన పద్ధతి ఏమిటంటే, ముందు కాస్త ఎక్కువగా నింపి, మనిషిని కూర్చోబెట్టి, కుషన్‌కూ ఒంటికీ మధ్య చేయి పోనిచ్చి, అన్నిటికన్నా కిందికి ఉన్న ఎముకను వేళ్ళతో వెతికి పట్టుకోవాలి. ఆ ఎముకకూ కింది రబ్బరుకూ మధ్య ఒకటిన్నర నుంచి రెండున్నర సెంటీమీటర్లు మిగిలేదాకా వాల్వు తిప్పి గాలి వదలాలి. ఇప్పుడు వదిన రోజూ ఉదయం ఈ పని నిమిషంలో ముగిస్తుంది. విశాఖ నుంచి అరకు వెళ్ళినప్పుడు కూడా పైకి చేరాక మళ్ళీ చూసుకోవలసిందే, ఎత్తుకు పోయేకొద్దీ లోపలి గాలి వ్యాకోచించి కుషన్ బిగుస్తుంది.

లోపాలు లేకపోలేదు. గాలి మీద కూర్చోవడం వల్ల నడుము నిలకడ తగ్గుతుంది. పక్కనున్న చెంబు అందుకోబోతే అన్నయ్య ఒరిగిపోయేవాడు, మంచం మీదకు మారడమూ కొన్నాళ్ళు కష్టమైంది. మొండెం బొత్తిగా నిలవనివారికి, రోజూ గాలి చూసేవారు లేని ఇంటికి, గట్టి అడుగున్న జెల్ కుషన్ మేలని నా అభిప్రాయం, బరువు ఎక్కువైనా సరే. నడుమ రంధ్రమున్న రింగు దిండు మాత్రం కొనవద్దు, దాని అంచు చుట్టూ ఉన్న చర్మానికి రక్తం అందకుండా నొక్కేస్తుంది.

కొనేముందు సీటు వెడల్పు, లోతు కొలవండి. కుషన్ ఎత్తు పెరిగితే పాదాల పలకలు కూడా ఆ మేరకు పైకి జరపాలి, లేకపోతే కాళ్ళు వేలాడతాయి. ఎంత మంచి కుషనైనా పావుగంటకో అరగంటకో ఒకసారి ముందుకు వంగో, చేతులమీద లేచో బరువు తీయక తప్పదు.

వేసవిలో చెమట పడుతోందని అమ్మ ప్రేమగా దాని మీద నాలుగు మడతల తువ్వాలు పరిచేది. ఆ మడతలు గదులను కదలనివ్వవు, చర్మాన్ని ఒరిపిడి పెడతాయి. సాగే గవుసు ఒక్కటే ఉండాలని ఆమెకు నచ్చజెప్పి, అలాంటిదే ఇంకొకటి తెచ్చి, ఉతికిన రోజు మార్చి తొడుగుతున్నాము.