జింబోచోలో పాత సినిమా పోస్టర్ల షాపు, నాలుగేళ్ళు తిరిగాక రాస్తున్న రివ్యూ

ముందే చెప్తున్నా, షాపు పేరు రాయట్లేదు. పెద్ద కారణం ఏం లేదు, స్వార్థం. ఉన్నవే నాలుగు మంచి పోస్టర్లు, అవి కాస్తా మీరు ఎత్తుకెళ్తే నా గతేంటి? టోక్యోలో జింబోచో స్టేషన్ దిగి యాసుకుని దోరి రోడ్డు వెంబడి పాత పుస్తకాల షాపులు చూసుకుంటూ పోతే ఒక సందులో ఇరుకు మెట్లు, పైన రెండో అంతస్తు. కావాల్సినోళ్ళకి అదే దొరుకుతుంది.

మేం ఉండేది నిషి కసాయ్‌లో (పేరు చూసి భయపడకండి, మనవాళ్ళు బోలెడంత మంది ఉన్న ఏరియా). తోజాయ్ లైన్ ఎక్కి కుదాన్‌షితాలో దిగితే నడిచే దూరమే. మొదటిసారి వెళ్ళింది పోస్టర్ల కోసం కానే కాదు, తిండి కోసం. జింబోచో పాత పుస్తకాలకి ఎంత ఫేమస్సో కర్రీ రైస్‌కీ అంత ఫేమస్ అని ఆఫీసులో ఎవరో చెప్తే ఎగేసుకుంటూ వెళ్ళా, తియ్యగా ఉంది, ఆ సంగతి వదిలేద్దాం. బయటికొచ్చేసరికి వాన, గొడుగు లేదు, కనపడ్డ మెట్లు ఎక్కేశా.

కౌంటర్ వెనకాల గోడకి ఒక కుర్రాడి బొమ్మ. స్వెటర్ కాలర్ మూతి మీదకి లాక్కుని చూస్తున్నాడు, కోపమో దిగులో ఇంకాసేపట్లో ఏడుస్తాడో తెలీట్లేదు. త్రూఫో తీసిన ది ఫోర్ హండ్రెడ్ బ్లోస్ అని 1959 నాటి ఫ్రెంచ్ సినిమా, జపాన్‌లో 1960లో వచ్చింది, ఇది ఆ రిలీజ్ పోస్టర్. ఇక్కడ సినిమా పేరే మార్చేశారు, జపనీస్‌లో ఉన్నదాన్ని తెలుగులో చెప్పాలంటే "పెద్దాళ్ళు మనల్ని అర్థం చేసుకోరు" అని. గీసినాయన నోగుచి హిసామిత్సు. యూరప్ సినిమాలు తెచ్చే తోవా అనే కంపెనీలో 1933లో చేరి దశాబ్దాల పాటు ఇదే పని చేశాడు, పైగా జాజ్ సంగీతం మీద పేరున్న క్రిటిక్ కూడా. త్రూఫోకి ఈ బొమ్మ ఎంత నచ్చిందంటే, 1962లో అదే కుర్రాడు పెద్దయ్యాక కథని చిన్న సినిమాగా తీసినప్పుడు వాడి గది గోడకి ఈ జపాన్ పోస్టరే పెట్టాడు. ఇదంతా నాకు ఆ రోజు తెలీదు. వాన తగ్గింది, నేను మాత్రం అక్కడే నిలబడిపోయా. ధర అడిగితే షాపాయన చెప్పిన అంకె మా ఇంటి నెల అద్దె దాటిపోయింది, నవ్వేసి ఊరుకున్నా.

బొమ్మ ఒకెత్తు, అక్షరాలు ఒకెత్తు. నోగుచి టైటిల్ అక్షరాలు కూడా తనే చేత్తో రాసేవాడు. మనకి బాపు గారి బొమ్మ, దాని పక్కన బాపు గారి అక్షరం, రెండూ ఒకే చేతివని చూడగానే తెలుస్తుంది కదా, సరిగ్గా అలా అన్నమాట. నేను ఈ పిచ్చిలో పడింది సినిమాల వల్ల కాదు, ఆ అక్షరాల వల్లే. ఫ్రాన్స్ వాళ్ళ ఒరిజినల్ పోస్టర్లు కూడా బాగానే ఉంటాయి గానీ, వేరే దేశం కథని ఇక్కడి మనిషి ఒకడు చూసి, తనకి ఏం అర్థమైందో అది గీస్తే వచ్చే రుచి వేరు. అన్నీ అలా ఉంటాయని మాత్రం అనుకోకండి, సగానికి పైగా హీరో మొహం పెద్దది చేసి కింద నాలుగు స్టిల్స్ అతికించినవే. ఫ్రెంచ్ హీరో అలెన్ డెలాన్ అంటే ఇక్కడ ఒకప్పుడు పిచ్చి క్రేజ్, ఆయన మొహం ఉన్న పోస్టర్లు ఈ షాపులో ఒక అర నిండా ఉంటాయి, నాకు అవంత ఎక్కవు.

ఇక షాపు సంగతి. పోస్టర్లు వినైల్ కవర్లలో నిలువుగా పెట్టి ఉంటాయి, చీరల షాపులో చీరలు తిరగేసినట్టు ఒక్కోటీ తిరగెయ్యాలి. వరస జపనీస్ టైటిల్ ప్రకారం ఉంటుంది, అదీ అ, క, స, త, న, హ, మ... మన వర్ణమాల దారిలోనే! వాళ్ళ అక్షరాల వరసకి మూలం మన దగ్గర్నించి బౌద్ధంతో పాటు వెళ్ళిన సిద్ధం లిపే అని తర్వాత తెలిసింది. మనకి అలవాటైపోవడానికి రెండు సార్లు వెళ్తే చాలు. కాకపోతే ఒరిజినల్ పేరు పట్టుకుని వెతికితే ఏదీ దొరకదు, జపనీస్ పేరు తెలిసుండాలి. త్రూఫోదే ఇంకోటి, జూల్ అండ్ జిమ్, ఇక్కడ "హఠాత్తుగా మంటలా" అని పెట్టారు. నేను జ వరసలో అరగంట వెతికా.

సైజులు తెలుసుకుని వెళ్ళండి. మామూలుగా దొరికేది బీ2, అంటే 515 బై 728 మిల్లీమీటర్లు. దాన్ని రెండింతలు చేస్తే బీ1, అది అరుదు, రేటు కూడా అలాగే ఉంటుంది. రెండు బీ2లు ఒకదాని కింద ఒకటి అతికించినంత పొడుగువి తతెకాన్‌లు, మా ఇంట్లో అంత గోడ లేదు. చిన్నవి కావాలంటే చిరాషీలు, బీ5 సైజు కరపత్రాలు, హాళ్ళలో ఊరికే పంచేవి, వీటిని మాత్రమే పోగేసేవాళ్ళు ఉన్నారు. ఆర్ఆర్ఆర్ ఇక్కడ రిలీజైనప్పుడు మా తమ్ముడికి నేనే పది పంపించా.

షాపాయనకి డెబ్భై దాటి ఉంటాయి. ఏదన్నా అడిగితే కవర్లోంచి తీసి బల్ల మీద పరిచి, ముందు బొమ్మ చూపించడు, వెనక్కి తిప్పుతాడు. నాలుగు మూలల్లో పిన్ను గుచ్చిన చిల్లులు, టేపు పీకిన చోట టీ మరకలాంటి గోధుమ రంగు, మడత దగ్గర తెల్లగా చిట్లిన గీత, అన్నీ వేలితో చూపిస్తాడు, అమ్మే ముందే. ఆ కాగితం చాలా పల్చన, ఎత్తితే ఎండిన అరటాకులా చప్పుడు చేస్తుంది. అప్పుడు అంచు పట్టుకుని లైటు కేసి ఎత్తి "ఇదిగో ఇక్కడ అతుకేశారు" అంటాడు. నాకైతే కనపడలేదు. రెండోసారి ఎత్తి చూపించాక కనపడింది, గోరంత ముక్క, రంగు కూడా కలిపేశారు.

ఆయన దగ్గర నేర్చుకున్న అసలు పాఠం రివైవల్ గొడవ. ఆడిన సినిమాని పదేళ్ళకో ఇరవయ్యేళ్ళకో మళ్ళీ రిలీజ్ చేసి కొత్త పోస్టర్ వేస్తారు, దాన్ని రిబైబరు అంటారు, మొదటి రిలీజ్ అయితే హత్సు కోకాయి. బొమ్మ ఒక్కోసారి దాదాపు ఒకేలా ఉంటుంది, రేటు మాత్రం నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా. పోస్టర్ మీద సంవత్సరం వెయ్యరు చాలాసార్లు. కింద అంచులో సన్నగా డిస్ట్రిబ్యూటర్ పేరు ఉంటుంది, అది చూడాలి. నేను ఇది తెలీక ముందు ఆన్‌లైన్ వేలంలో ఒకరి దగ్గర డెలాన్ నటించిన ప్లెన్ సొలేయ్ పోస్టర్ "1960 ఒరిజినల్" అంటే నమ్మి 24,000 యెన్‌లు పోశా (డెలాన్ ఎక్కడు అన్నా కదా, మా ఆవిడకి ఇష్టం). ట్యూబు పట్టుకుని గర్వంగా ఈయన దగ్గరికెళ్తే, కళ్ళజోడు పైకి తోసి కింద లైను చదివి "1960లో తెచ్చింది షిన్ గైయే కంపెనీ, ఇక్కడ వేరే పేరు ఉంది కదా" అన్నాడు. అంతే. నవ్వలేదు, జాలీ పడలేదు, టీ పోశాడు. అమ్మినాయనకి మెసేజ్ పెడితే "రిటర్న్ లేదని రాశాను కదా" అని ఒక్క ముక్క జవాబు. మా ఆవిడ మాత్రం "బొమ్మ బానే ఉంది కదండీ, కొత్తదైతే ఏమైంది" అంది, ఆమె కరెక్టే, హాల్లో అదే ఉంది ఇప్పుడు, నేను అటు చూడను.

నచ్చనివి కూడా చెప్పాలి కదా. క్యాష్ మాత్రమే. ఫోటోలు తీయనివ్వరు. ఆదివారం మూసేస్తారు, ఆ వీధిలో చాలా షాపులు అంతే, సెలవు రోజు వెళ్ళి షట్టర్లు చూసి వచ్చేవాళ్ళు ఉంటారు, నేనూ ఒకణ్ణి. ఇంగ్లీష్ రాదు, జపనీస్ కొంచెమన్నా రాకపోతే ఆయన చెప్పే కబుర్లు పోతాయి, అసలు సగం డబ్బు ఆ కబుర్లకే ఇస్తున్నాం. ఇంకోటి, ఇచ్చే ట్యూబు మరీ సన్నం, అంత గట్టిగా చుడితే ఇంటికెళ్ళాక పోస్టర్ నాలుగు రోజులు పాములా చుట్టుకుంటూనే ఉంటుంది. నేను ఇంటి నుంచే లావు ట్యూబు తీసుకెళ్తున్నా.

రేట్లు: రివైవల్ బీ2లు నేను 3,000 నుంచి 6,000 లోపు కొన్నా, 60ల నాటి హత్సు కోకాయి అయితే 20,000 కింద నాకెప్పుడూ దొరకలేదు. ఫ్రేము ఇక్కడే కొనేయండి, బీ2 ఇక్కడ స్టాండర్డ్ సైజు కాబట్టి రెడీగా చవగ్గా దొరుకుతుంది, హైదరాబాద్‌లో అయితే కొలతలిచ్చి చేయించాల్సిందే. ఎండ పడే గోడకి మాత్రం పెట్టకండి. జింబోచోలో పుస్తకాల షాపులు ఎక్కువగా రోడ్డుకి దక్షిణం పక్కనే ఉండి ఉత్తరం వైపు చూస్తుంటాయి, ఎండ తగిలి సరుకు వెలిసిపోకుండా. మన దగ్గర పోస్టర్ అంత బతికేది కాదు లెండి, మైదా జిగురుతో గోడకంటించాక వానకి తడిసేది, మిగిలింది ఆవులు నమిలేసేవి.

పోయిన నెల వెళ్తే ఆయన లోపల్నించి ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు, నేను అడక్కుండానే. యూరప్‌ది కాదు, సత్యజిత్ రాయ్ అపుర్ సంసార్. 1974లో ఇవానామి హాల్లో విదేశీ సినిమాలు తెచ్చి ఆడించే ఉద్యమం మొదలైంది ఆ సినిమాతోనే. తోవా కంపెనీ కవకిత కషికో గారు, హాలు చూసుకునే తకానో ఎత్సుకో గారు కలిసి మొదలుపెట్టారు. ఆ హాలు ఈ షాపుకి నాలుగడుగులు, జింబోచో చౌరస్తాలోనే, 2022 జూలైలో మూసేశారు. "నీ దేశం వాళ్ళది కదా, ముందు నీకు చూపిస్తున్నా" అన్నాడు. బెంగాల్‌కీ మా బెజవాడకీ ఎంత దూరమో చెప్దామనుకుని ఆగిపోయా. వెనక్కి తిప్పాడు, రెండే చిల్లులు. జేబులో పదివేలే ఉన్నాయి, ఆయన దగ్గర కార్డు నడవదు. శుక్రవారం దాకా పక్కన పెట్టమని చెప్పి కింద ఏటీఎమ్‌కి పరిగెత్తా, శుక్రవారం దాకా ఆగలేక.