హ్యాండ్ బ్లెండరా, మిక్సీనా, పప్పుగుత్తా: ఏ పనికి ఏది మేలు?

మా తిరుపతిలో కొత్తగా కాపురం పెట్టే ఏ ఇంట్లోనైనా మిక్సీ ఎలాగూ ఉంటుంది, పుట్టింటివాళ్ళో పెళ్ళికొచ్చినవాళ్ళో ఇచ్చేసి ఉంటారు. పప్పుగుత్తి కూడా అమ్మమ్మ కాలంది ఒకటి గూట్లో పడి ఉంటుంది. ఇక ఈ మూడోది, హ్యాండ్ బ్లెండర్, అంటే చేత్తో పట్టుకుని గిన్నెలోకి దించి తిప్పే, కొసన బ్లేడున్న మిషను, సేల్ వచ్చినప్పుడల్లా ఫోన్లో కనబడి ఊరిస్తుంటుంది. కొనమంటావా వద్దంటావా అని అడిగేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. మిక్సీకి బదులుగా అనుకుంటే వద్దు. మిక్సీ ఉండి కూడా వేడివేడి వాటితో, పలచటి వాటితో రోజూ కుస్తీ పడుతుంటే మాత్రం కొనండి, డబ్బులకి న్యాయం జరుగుతుంది.

ఎందుకో చెప్తా. 1950లో స్విట్జర్లాండ్‌లో రోజర్ పెరింజాకే అనే ఆయన పేటెంట్ తీసుకున్న వస్తువు ఇది. అక్కడి వంటల్లో సూపులు, సాసులు, క్రీములు ఎక్కువ, ఉడికినదాన్ని ఆ గిన్నెలోనే మెత్తగా చేసుకోవడానికి పుట్టిన మిషను. మనదేమో నూరే వంట, రుబ్బే వంట. ఎండుమిరపకాయలు, ధనియాలు, పచ్చికొబ్బరి, నానిన మినప్పప్పు, ఇవన్నీ మెదగాలంటే మూత బిగించిన జారు, దాని అడుగున బ్లేడు, కింద 500 నుంచి 750 వాట్ల మోటారు ఉండాలి, అప్పుడే ఎగిరిన ముక్క మళ్ళీ వచ్చి బ్లేడు మీదే పడుతుంది. హ్యాండ్ బ్లెండర్లు చాలావరకు 200, 300 వాట్ల దగ్గరుంటాయి. 600 దాటినవీ దొరుకుతాయిగానీ, వాట్లు పెరిగినంత మాత్రాన గిన్నెలో మూలకి పోయిన గట్టి ముక్క దానంతటది బ్లేడు దగ్గరికి నడిచిరాదు. లోపల తిరగడానికి తడి ఉండాలి. నీళ్ళగా తిరిగేదంతా దానికి ఇష్టం, ముద్దగా నిలబడేదంతా కష్టం. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే కింద నేను చెప్పేదంతా మీరే ఊహించుకోవచ్చు.

పప్పుతో మొదలుపెడదాం, కొన్నవాళ్ళు మొదటిరోజు దాన్ని ముంచేది పప్పులోనే కాబట్టి. ఇక్కడ గుత్తే మేలు, నాకు రెండో ఆలోచన లేదు. పప్పు ఎనపడమంటే పేస్టు చేయడం కాదు కదా. గుత్తితో నొక్కితే ఉడికిన బద్దలు చితుకుతాయి, కొన్ని అట్లాగే మిగులుతాయి, పచ్చిమిరపకాయ చీలిక ఎక్కడుందో కంటికి కనబడుతుంది, వద్దనుకున్నవాళ్ళు పక్కకి తీసిపెట్టుకుంటారు. బ్లెండర్ ఆ మిరపకాయని గింజలతో సహా తరిగేస్తుంది, కారమంతా గిన్నె మొత్తానికి పాకుతుంది. గాలి కలిసి రంగు పాలిపోతుంది, పైన నురుగు తేలుతుంది, చల్లారేసరికి బిగుసుకుపోతుంది. మా వదిన ఒకసారి ఇట్లాంటి పప్పు వడ్డిస్తే వాళ్ళత్త గరిటె పైకెత్తి జారుతున్న తీరు చూసి, "ఏమ్మా, పప్పు చేస్తివా, పాయసం చేస్తివా?" అంది. ఆకుకూర పులగూరకీ, సంగట్లోకి చేసే వంకాయ బజ్జికీ ఇదే లెక్క, అవి నోటికి తగలాలి. ఉర్లగడ్డలైతే ఇంకా ఘోరం, ఉడికిన గడ్డని బ్లేడు కోస్తే లోపలి గంజి బయటికొచ్చి బంకబంకగా సాగుతుంది, పూరీ కూరకి చేత్తో చిదుముకోవడమే నయం.

కానీ సాంబారు పప్పు, చార్లో పోసే పప్పుకట్టు వేరే సంగతి. అక్కడ బద్ద అడుగున పేరుకోకుండా పులుసంతా ఒకటిగా కలవాలి. కుక్కర్ మూత తీశాక నీళ్ళు పోసి, బ్లెండర్ దించి బటన్ రెండు మూడుసార్లు నొక్కి వదిలితే చాలు, గుత్తితో ఎంత తిప్పినా అంత సన్నగా రాదు. మిక్సీలో వేద్దామంటే చల్లారేదాకా ఆగాలి.

ఆ చల్లారేదాకా ఆగడమే మిక్సీతో వచ్చే అసలు తంటా. వేడి వేడి టమాటాలు జార్లో వేసి మూత పెట్టి తిప్పితే ఆవిరికి చోటుండదు, మూత ఎగిరి ఎర్రటి గుజ్జు గోడల మీదా, ఒక్కోసారి చేతుల మీదా పడుతుంది. బడికి పిల్లల్ని పంపించే హడావిడిలో అరగంట ఫ్యాను కింద పెట్టి ఆరబెట్టే ఓపిక ఎవరికుంది? బ్లెండర్ అయితే పొయ్యి ఆపేసి గిన్నెలోనే పని కానిచ్చేయొచ్చు. టమాటా చారు, గుమ్మడికాయ సూపు, ఉడికించిన పాలకూర గ్రేవీ, పళ్ళు కట్టించుకుని నమల్లేని పెద్దవాళ్ళకి పెట్టే మెత్తటి కూర అన్నం, పసిపిల్లల ఉగ్గు, వీటన్నిటికీ మిక్సీ కంటే ఇదే సుఖం. మదనపల్లె మార్కెట్లో ధర పడిపోయి టమాటాలు కిలోలు కిలోలు ఇంటికొచ్చే రోజుల్లో ఉడకబెట్టి, తొక్క లాగేసి, ఆ గిన్నెలోనే తిప్పేసి, ఐసు ట్రేల్లో పోసి ఫ్రీజర్లో పెట్టుకుంటే మళ్ళీ ధర ఎక్కినప్పుడు రెండు ముక్కలు చార్లో వేసుకోవచ్చు. ఒకటే జాగ్రత్త, కరివేపాకు, దాల్చిన చెక్క, చింతపండు గింజ, ఎముక, ఇవేవీ లోపల ఉండకూడదు. కరివేపాకు బ్లేడుకి చుట్టుకుంటుంది, చింతగింజ బ్లేడునే వంచుతుంది.

రాగుల దగ్గర సంగటి, అంబలి, జావ మూడింటికీ తలా ఒక మాట చెప్పాలి. సంగటికి గెలికే కట్టె ఒక్కటే మేలు, దాంట్లో బ్లెండర్ పెట్టడమంటే మోటారు కాల్చుకోవడమే. అంబలికి మాత్రం బ్లెండర్ బంగారం. మే నెలలో గంగమ్మ జాతరకి అంబలి కాచే ఊరు మాది, ఉండ కట్టకుండా కాచడం కొత్త కోడళ్ళకి టెన్షన్. రాగిపిండి వేడినీళ్ళలో పడగానే పైపొర ఉడికి జిగురవుతుంది, లోపల పొడిపిండి ఇరుక్కుపోతుంది, ఉండంటే అదే. అందుకని పిండిని ఎప్పుడూ చన్నీళ్ళలోనే వేయండి, ఆ చెంబులోనే బ్లెండర్ దించి పది సెకన్లు తిప్పితే పట్టుకుందామన్నా ఒక ఉండ దొరకదు. ఆ పిండినీళ్ళని ఉడుకుతున్న నూకల ఎసట్లో సన్నగా పోస్తూ గరిటెతో కలపండి. అక్కడినుంచి బ్లెండర్ని పక్కన పెట్టేయండి, నూక నోటికి తగలకపోతే దాన్ని మా వీధిలో అంబలి అనరు, జావ అంటారు. ఉత్త జావకైతే ఆ బాధ లేదు, ఉండ కట్టినా సరే, దించి ఒక్క తిప్పు తిప్పితే సర్దుకుంటుంది. బజ్జీల శెనగపిండి, మజ్జిగ పులుసుకి కలిపే పిండి కూడా ఇట్లాగే, చెంబులో పది సెకన్ల పని. దీనికోసం మిక్సీ జారు తీసి, బిగించి, కడిగి పెట్టడం శుద్ధ దండగ.

మామిడిపండ్ల కాలంలో కొంచెం ఆలోచించాలి. మా జిల్లా తోతాపురి జూన్, జులైల్లో గుజ్జు ఫ్యాక్టరీలకి లారీలకి లారీలు పోతుంది కదా, ఇంట్లో పండిన నాలుగు కాయలకి బ్లెండరే చాలు. ముక్కలు లోతైన గిన్నెలో వేసి చుక్క నీళ్ళు పోయకుండా నింపాదిగా పైకీ కిందకీ కదిలిస్తే గుజ్జు చిక్కగా వస్తుంది, దాంట్లోనే పాలు పోసుకోవచ్చు, పెరుగు కలుపుకోవచ్చు. పీచున్న నాటుకాయలైతే వద్దు, పీచు బ్లేడు ఇరుసుకి చుట్టుకుని మోటారు మూలుగుతుంది. వాటిని చేత్తో పిసికి రసం తీయడానికి మించిన పద్ధతి లేదు, రుచి కూడా దానికే ఎక్కువ.

ఇక మయొనైజ్. ఇది మిక్సీ వల్లా కష్టం, గుత్తి వల్ల అసలే కాదు, చూసిన ప్రతిసారీ నాకు ముచ్చటేస్తుంది. బ్లెండర్ మూతి పట్టీపట్టనంత సన్నటి పొడవాటి గ్లాసు తీసుకోండి. ఒక గుడ్డు పచ్చసొన చితక్కుండా కొట్టి పోసి, చెంచా నిమ్మరసం, ఉప్పు, కాస్త ఆవపొడి వేసి, పైన 200 మిల్లీలీటర్ల సన్‌ఫ్లవర్ నూనె పోయండి. గానుగ చెనిక్కాయ నూనె వద్దు, వాసన మిగతావాటన్నిటినీ మింగేస్తుంది. నూనె పైకి తేలాక బ్లెండర్ని సరిగ్గా పచ్చసొన మీద బోర్లించినట్టు అడుగుకంటా దించి, కదపకుండా ఆన్ చేయండి. ఒకటి రెండు సెకన్లలో కింద తెల్లటి మేఘం పుడుతుంది. అప్పుడు నెమ్మదిగా పైకి లాగుతూ పోతే, బ్లేడు కొంచెం కొంచెంగా నూనెని కిందికి లాక్కుంటుంది, సొనలో ఉండే లెసిథిన్ అనే పదార్థం నూనె బిందువుల్ని మళ్ళీ కలవనివ్వకుండా పట్టుకుంటుంది, గ్లాసు బోర్లించినా జారనంత చిక్కగా తయారవుతుంది. ముందే గబుక్కున పైకి లాగితే విరిగిపోతుంది, తొందరపడొద్దు. గుడ్డు తినని ఇళ్ళు ఇక్కడ బోలెడు కాబట్టి, 100 మిల్లీలీటర్ల చల్లటి పాలకి 200 నూనె పోసి ముందు చిక్కబడేదాకా తిప్పి, నిమ్మరసం చివర్న వేసుకుంటే అదీ బాగా వస్తుంది. దీంట్లో దోశ మీద పూసే ఎర్రకారం ఒక చెంచా కలిపి చూడండి, బ్రెడ్డు మీదకి, కాల్చిన మొక్కజొన్న కండె మీదకి అదిరిపోతుంది. పచ్చిగుడ్డుతో చేసింది మాత్రం ఫ్రిజ్‌లోనే పెట్టి రెండ్రోజుల్లో తినేయాలి, మన ఎండల్లో బయట ఉంచే సాహసం చేయకండి.

మజ్జిగకి బ్లెండర్ బాగుంటుంది, నురుగు కూడా వస్తుంది. వెన్న తీయాలంటే మాత్రం కవ్వమో, చన్నీళ్ళు పోసిన మిక్సీ జారో. మామూలు బ్లేడుతో గిన్నెలో గిర్రున తిప్పితే వెన్న ముద్ద కట్టకుండా నలకలు నలకలుగా చెదిరిపోయే అవకాశమే ఎక్కువ, బ్లెండర్‌తోపాటు విస్క్, అంటే గిలక్కొట్టే తీగల కొస, ఉంటే, మీగడ బాగా చల్లగా ఉంటే నడుస్తుంది. ఫిల్టర్ కాఫీ జోలికి దీన్ని తేవద్దు. డవరాలో ఎత్తి తిరగబోస్తే వచ్చే నురుగుండగా ప్లగ్గు వెతుక్కోవడం ఎందుకు?

బ్లెండర్ పూర్తిగా చేతులెత్తేసే చోటు పచ్చళ్ళు. టెంకాయ చట్నీకి మిక్సీ చిన్న జారు ఉండాల్సిందే. చెనిక్కాయల ఊరిబిండికైతే మిక్సీ కూడా రెండో స్థానమే, రోట్లో దంచితే చెనిక్కాయ కొంత నలిగి కొంత పలుకుగా ఉంటుంది, చివర్లో వేసిన ఉల్లిపాయ చిదిగి ఊరుకుంటుంది తప్ప నీరైపోదు. మిక్సీలో తప్పదంటే ఆపి ఆపి తిప్పండి, ఉల్లిపాయ విడిగా దంచి కలపండి. బ్లెండర్‌తో వచ్చే చిన్న చాపర్ డబ్బాలో పొడిపొడిగా బాగానే నలుగుతుందిగానీ తడి తగలగానే అంచులకి అతుక్కుని కూర్చుంటుంది. ఇడ్లీ దోశ పిండి రుబ్బుడు గురించి మాట్లాడుకోవడం కూడా అనవసరం, దానికి గ్రైండర్ ఉంది.

కడగడంలో దీన్ని కొట్టేది లేదు. చెంబులో సబ్బునీళ్ళు పోసి అందులోనే ఐదు సెకన్లు తిప్పి, మళ్ళీ మంచినీళ్ళలో తిప్పితే అయిపోయింది, మిక్సీ జారు బ్లేడు కింద ఇరుక్కునే మసాలా గోల ఉండదు. బ్లేడుకి చుట్టుకున్నది వేలితో లాగేముందు ప్లగ్గు పీకండి, స్విచ్ ఆపడం సరిపోదు, పట్టుకున్న చేతి కిందే బటన్ ఉంటుంది. నాన్‌స్టిక్ గిన్నెల్లో అసలు పెట్టొద్దు, గీతలు పడి పూత లేచిపోతుంది, అల్యూమినియం కుక్కర్లోనైనా అడుగుకి ఆనించకుండా కొంచెం వాలుగా పట్టుకోండి. మూతి మునిగాకే ఆన్ చేయండి, ఆపాకే పైకి తీయండి, లేదంటే చొక్కా మీద చారే. చాలా వాటికి ఆగకుండా నిమిషానికి మించి తిప్పొద్దని బుక్కులోనే రాసి ఉంటుంది, కాలిన వాసన వచ్చిందంటే ఆ మాట వినలేదని అర్థం.

కొనేటప్పుడు కాలు, అంటే గిన్నెలో మునిగే కింది గొట్టం, స్టీలుదా ప్లాస్టిక్‌దా అన్నదే మొదట చూడండి, వేడి వాటికోసమే కొంటున్నాం కాబట్టి ప్లాస్టిక్ కాలుది వద్దు. కాలు విడిగా ఊడివచ్చేది తీసుకోండి, వైరు పొయ్యి దాకా అందుతుందా లేదా కొలుచుకోండి. విస్కు పనికొస్తుంది, మిగతా అటాచ్‌మెంట్లు డబ్బాలోంచి బయటికి రావు. పసిపిల్లలో, నమల్లేని పెద్దవాళ్ళో, సూపులు తాగేవాళ్ళో ఉన్న ఇల్లయితే రోజూ వాడతారు. వారంలో నాలుగు రోజులు సంగటి, ఊరిబిండి, ముద్దపప్పు తినే ఇల్లయితే ఆ డబ్బుతో మిక్సీ చిన్న జారుకి కొత్త బ్లేడు వేయించి, మూతకి రబ్బరు వాషరు మార్పించుకోండి.