డూవెల్, డెలిరియమ్, లా షూఫ్, వెస్ట్‌మల్లె ట్రిపెల్: ఈ నాలుగు బెల్జియం బీర్లలో ఏది మేలు?

మన దగ్గర స్ట్రాంగ్ బీరు అంటే 650 మిల్లీలీటర్ల సీసా, పళ్లు జివ్వుమనే చల్లదనం, గబగబా నాలుగు గుటకలు. అందులో ఆల్కహాలు 8 శాతం దాటదు గానీ దాని ఘాటు మాత్రం మొదటి గుటకలోనే గొంతు పట్టుకుంటుంది. బెల్జియం వాళ్ల స్ట్రాంగ్ గోల్డెన్ ఏల్ (వెచ్చగా పులియబెట్టే బంగారు రంగు స్ట్రాంగ్ బీరు) తీరు వేరు. 8.5 శాతం ఆల్కహాలు ఉన్నా నాలుకకు పట్టుబడదు. పండు వాసన, బుసబుస పొంగే నురగ, కాస్త చేదు, చివరికి నోరు పొడిగా అయిపోవడం, అంతే. గ్లాసు సగం అయ్యాకే గుండెల్లో వెచ్చదనం మొదలవుతుంది.

లెక్క ముందే తెలిసి ఉండటం మంచిది. 33 సెంటీలీటర్ల సీసాలో 8.5 శాతం అంటే 28 మిల్లీలీటర్ల అసలు ఆల్కహాలు. 42.8 శాతం విస్కీ 30 ఎం.ఎల్. పెగ్గులో ఉండేది 13 లోపే. ఈ చిన్న సీసా ఒక్కటి రెండు పెగ్గుల పైమాటే. రుచి చూడటానికి కూర్చున్నా సరే, ఆ పూట బండి తీయకూడదు.

ఈ రకానికి కొలబద్ద డూవెల్. బ్రేన్‌డోంక్ ఊళ్లోని మూర్ట్‌గాట్ బ్రూవరీ (బీరు కాచే కంపెనీ) 1871 నాటిది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆల్బర్ట్ మూర్ట్‌గాట్ స్కాట్లండ్ వెళ్లి అక్కడి ఏల్ ఈస్టు సంపాదించుకొచ్చాడు. దాంతో కాచిన బీరుకు ముందు విక్టరీ ఏల్ అని పేరు పెట్టారు. 1923 నుంచి అది డూవెల్ అయింది, అక్కడి యాసలో ‘దెయ్యం’ అని అర్థం. ఇప్పుడు మనం చూసే బంగారు రంగు 1970లో గానీ రాలేదు. అంతకు ముందు అది ముదురు రంగు బీరే. డెలిరియమ్ ట్రెమెన్స్‌ది గెంట్ పక్కనున్న మెల్లె ఊళ్లోని హైగె బ్రూవరీ, గులాబీ ఏనుగు బొమ్మ దాని గుర్తు. లా షూఫ్ ఆర్డెన్ కొండల్లోని అషూఫ్ అనే చిన్న పల్లెలో 1982లో పుట్టింది. 2006లో ఆ బ్రూవరీని మూర్ట్‌గాట్ వాళ్లే కొన్నారు. అయినా రెండు బీర్ల రుచీ ఇప్పటికీ దేనిదారి దానిదే. వెస్ట్‌మల్లె ట్రిపెల్ నిజానికి వేరే రకం, ట్రాపిస్టులనే క్రైస్తవ సన్యాసుల మఠంలో కాచే ట్రిపెల్ (లేత రంగు, ఘాటైన ఏల్). పోలికలో దాన్ని కావాలనే పెట్టాం. గోల్డెన్ ఏల్ ఎక్కడ ఆగుతుందో, ట్రిపెల్ ఎక్కడ మొదలవుతుందో పక్కపక్కన పెడితే తప్ప అర్థం కాదు.

ఇంత ఆల్కహాలు ఉండి ఇంత తేలిగ్గా ఎలా ఉంటుంది? రహస్యం చక్కెరలో ఉంది. మాల్టు (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) మాత్రమే వాడి 8.5 శాతానికి తీసుకెళ్తే పులియని పిండి చక్కెరలు మిగిలిపోయి బీరు చిక్కగా, తియ్యగా తయారవుతుంది. అందుకని లేత పిల్స్‌నర్ మాల్టుకు తోడు కొంత చక్కెర కలుపుతారు, డూవెల్‌లో అయితే డెక్స్‌ట్రోస్ (గ్లూకోజు). ఈస్టు దాన్ని చుక్క మిగల్చకుండా తినేస్తుంది. ఆల్కహాలు పెరుగుతుంది, బరువు పెరగదు. సీసాలో నింపేటప్పుడు ఇంకాస్త చక్కెర, ఈస్టు వేసి సుమారు 24 డిగ్రీల గదిలో రెండు వారాలు మళ్లీ పులియనిస్తారు. తర్వాత ఆరు వారాలు చలిగదిలో ఉంచుతారు. ఆ బుసబుస అక్కడే పుడుతుంది. మనం మామూలుగా తాగే లాగర్ బీరులో గ్యాస్ బీరు పరిమాణానికి దాదాపు రెండున్నర రెట్లుంటే డూవెల్‌లో నాలుగు రెట్ల పైనే.

పోలిక సరిగ్గా రావాలంటే

నలుగురికి నాలుగు సీసాలు చాలు. ఒక్కో సీసా నలుగురూ పంచుకుంటే మనిషికి 80 మిల్లీలీటర్లు వస్తుంది. నాలుగూ అయ్యేసరికి ఒక్కొక్కరు తాగింది ఒక సీసాడే. ఒక్కరే కూర్చుని నాలుగు సీసాలూ వరసగా విప్పితే మూడోదానికే నాలుక మొద్దుబారుతుంది, తర్వాత ఇచ్చే మార్కులకు విలువ ఉండదు.

సీసాల్ని ఒక రోజు ముందే ఫ్రిజ్‌లో నిలబెట్టాలి. పడుకోబెడితే ఈస్టు మడ్డి పక్కకంతా అంటుకుని, వంచగానే లేచి కలిసిపోతుంది. పోయడానికి 10–15 నిమిషాల ముందు బయటికి తీయండి. డూవెల్, డెలిరియమ్, షూఫ్‌లకు 6–8 డిగ్రీలు, వెస్ట్‌మల్లెకు 10 దాకా బాగుంటుంది. మంచులా ఉన్నప్పుడు నాలుగూ ఒకేలా ఉంటాయి, వాసనలు లేవవు. ఐసు ముక్కల మాట అసలు ఎత్తవద్దు.

గ్లాసులు నాలుగూ ఒకటే రకంవి ఉండాలి. కంపెనీల సొంత గ్లాసులు చూడటానికి ముచ్చటే. డూవెల్ గ్లాసు అడుగున లేజర్‌తో ‘డి’ అక్షరం చెక్కి ఉంటుంది, ఆ గరుకు మీదనుంచి బుడగలు ఆగకుండా లేస్తుంటాయి. కానీ ఒకదానికి ఆ సాయం ఉండి మిగతావాటికి లేకపోతే నురగను పోల్చి లాభం లేదు. పైన కాస్త ముడుచుకున్న వైన్ గ్లాసు అన్నింటికీ సరిపోతుంది. గిన్నెలు తోమిన సబ్బు జిడ్డు గ్లాసులో మిగిలితే నురగ నిమిషంలో చచ్చిపోతుంది. వేడినీళ్లతో కడిగి, చివర చల్లటి నీళ్లతో తొలిపి, గుడ్డతో తుడవకుండా అలాగే పోయాలి.

పోయడంలోనే సగం పని ఉంది. మూత తీయగానే చుయ్‌మంటుంది. నురగ మెడలోకి పాకుతుందేమో ఒక్క క్షణం చూడండి. గ్లాసు వంచి, గోడ వెంట సన్నటి ధారగా, ఒకే పట్టున పోయాలి. మధ్యలో ఆపి సీసా నిలబెడితే బీరు వెనక్కి తన్ని మడ్డి లేస్తుంది. నలుగురికి పంచేటప్పుడు నాలుగు గ్లాసులూ ఆనించి పెట్టుకుని, సీసా వంపు తగ్గించకుండా ఒకదాని నుంచి ఇంకోదానికి జరగాలి. అడుగున వేలెడు ఎత్తు వదిలేయండి. ముందు తేటది రుచి చూసి, ఆ మిగిలిన మడ్డిని ఒక గ్లాసులో కలిపి మళ్లీ చూడండి. బ్రెడ్డు వాసన, కొంచెం ముతక చేదు తోడవుతాయి. డూవెల్‌కు ఆ మడ్డి నప్పదు. షూఫ్‌కు నప్పుతుంది.

వరస కూడా ముఖ్యమే. డూవెల్ మొదట, తర్వాత డెలిరియమ్, తర్వాత వెస్ట్‌మల్లె, చివర షూఫ్. షూఫ్‌లో ధనియాలు వేస్తారు, ఆ వాసన నోట్లో ఉండిపోతుంది, దాని తర్వాత డూవెల్ తాగితే అందులోనూ ధనియాలే తగులుతాయి. మధ్యలో నీళ్లు, ఉప్పు వేయని మరమరాలు. కాఫీ, మిర్చి తగిలిన నోటితో ఈ పనికి కూర్చోవద్దు.

గ్లాసులో ఏముంది

డూవెల్ రంగు ఎండుగడ్డి పసుపు, పైన గుడ్డు తెల్లసొన గిలక్కొట్టినట్టు తెల్లటి నురగ. ముక్కు పెడితే బేరిపండు, నిమ్మతొక్క, వెనకాల కొద్దిగా మిరియం. నోట్లో మాల్టు తీపి ఇలా తాకి అలా పోతుంది. బుడగలు నాలుకను గిచ్చుతాయి, వెంటనే హాప్స్ (చేదు, వాసన కోసం బీరులో వేసే పువ్వులు) చేదు వస్తుంది. కాకరకాయ చేదు కాదది, నిమ్మతొక్క కొరికినప్పటి చేదు. మింగాక నోరు శుభ్రంగా పొడిబారుతుంది, ఇంకో గుటక కావాలనిపిస్తుంది. దీని గొప్పతనమంతా ఆ చివరి పొడిదనంలోనే ఉంది. నాలుగింటినీ పోల్చేటప్పుడు మొదటి వాసన చూసి మురిసిపోకుండా, మింగాక పది సెకన్లు ఆగి ఏం మిగిలిందో చూడమనేది అందుకే.

డెలిరియమ్‌లో ఆల్కహాలు అంతే, 8.5 శాతం. కానీ మూడు రకాల ఈస్టు వాడటంతో పండు వాసన దట్టంగా ఉంటుంది. ముగ్గిన బేరి, అరటి, పైన మసాలా ఛాయ. నోట్లో గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. చిక్కు చివర్లో వస్తుంది. తీపి కాస్త నిలబడిపోతుంది, ఆల్కహాలు వేడి బయటికి తెలుస్తుంది. గ్లాసు 12 డిగ్రీలు దాటిందంటే ఆ తీపి ఇంకా ముందుకొస్తుంది. మొదటి గుటకకు నలుగురిలో ముగ్గురు దీనికే ఓటేసేలా ఉంటుంది, గ్లాసు చివరికి వచ్చేసరికి ఆ ఓటు నిలబడటం కష్టం.

లా షూఫ్ 8 శాతం. కొద్దిగా మబ్బుగా, తేనె రంగులో ఉంటుంది. ధనియాలు, కమలా తొక్క, వెనక తేలికపాటి తీపి. చేదు చాలా తక్కువ. చేదంటే మొహం చిట్లించేవాళ్లకు ఈ లోకంలోకి రావడానికి ఇదే సరైన గుమ్మం.

వెస్ట్‌మల్లె ట్రిపెల్ 9.5 శాతం. మఠం దీన్ని 1934లో మొదలుపెట్టి, 1956లో తయారీ పాళ్లు సవరించింది. రంగు ఒక పిసరు ముదురు, నారింజ ఛాయ. అరటి, లవంగం, బిస్కెట్టు లాంటి మాల్టు, నాలుకకు మీగడ తగిలినట్టుండే నురగ. చేదు డూవెల్‌లా గబుక్కున వచ్చి పోదు, నెమ్మదిగా పరుచుకుని చాలాసేపు ఉంటుంది. గోల్డెన్ ఏల్‌కూ ట్రిపెల్‌కూ తేడా ఏమిటని అడిగితే చూపించాల్సింది ఇక్కడే. మొదటిది సన్నగా, పొడిగా, గ్యాస్ మీద నడుస్తుంది. రెండోది మాల్టు, లవంగపు ఘాటు మీద నడుస్తుంది.

ఆ తేడా మీకు నిజంగా తెలుస్తోందా, లేబులు చూసి అనుకుంటున్నారా అని తేల్చుకోవడానికి తేలికైన పరీక్ష ఒకటుంది. వేరేవాళ్లను పోయమని, మూడు గ్లాసుల్లో రెండింటిలో ఒక బీరు, మూడోదానిలో మరో బీరు పోయించుకోండి. కళ్లు మూసుకుని వేరేది ఏదో పట్టుకోవాలి. డూవెల్, వెస్ట్‌మల్లెల మధ్య పట్టుకోవడం సులువు. డూవెల్, డెలిరియమ్‌ల మధ్య, అందులోనూ బాగా చల్లగా ఉన్నప్పుడు, అంత సులువు కాదు.

తప్పు బీరుదా, సీసాదా?

ఓడలో వచ్చి, గోదాములో ఎండాకాలం గడిపి, షాపు లైటు కింద నిలబడ్డ సీసాను బెల్జియంలో తాగిన సీసాతో పోల్చడం న్యాయం కాదు. వేడి పది డిగ్రీలు పెరిగితే బీరు పాతబడే వేగం సుమారు రెట్టింపవుతుంది. ముందు హాప్స్ వాసన పోతుంది, తర్వాత తేనె వాసన, ఆ తర్వాత వానకు తడిసిన అట్టపెట్టె వాసన వస్తాయి. ఆ అట్టపెట్టె తగిలిందంటే ఆ సీసాకు మార్కులు వేయడం మానేయండి, బ్రూవరీ తప్పు కాదది.

వెలుతురు వల్ల వచ్చే కంపు వేరు. హాప్స్ చేదు మీద వెలుతురు పడితే కుళ్లిన గంధకం లాంటి వాసన పుడుతుంది. ముదురు గోధుమరంగు సీసా చాలావరకు ఆపుతుంది, డెలిరియమ్ సీసాకు పూసిన బూడిదరంగు పూత కూడా అంతే. గోళ్ల రంగు తుడిచే మందు వాసన వస్తే పులిసేటప్పుడు ఈస్టు మరీ వేడెక్కిందని అర్థం. ఈ వాసన పేరున్న సీసాల్లో అరుదు, ‘బెల్జియన్ స్టైల్’ అని కాచే చిన్నచోట్ల ఎక్కువ. ఉడికిన మొక్కజొన్న వాసన వస్తే పిల్స్‌నర్ మాల్టును బాగా మరిగించలేదని. మూత తీయగానే సగం బీరు పొంగిపోతే, ఎక్కువగా సీసా వెచ్చగా ఉండి ఉంటుంది, లేదా దారిలో కుదిపి ఉంటారు. ఒక రోజు చలిలో నిలబెట్టాక కూడా పొంగితే ఆ సీసాలో ఏదో సూక్ష్మజీవి చేరిందని అనుమానించాలి.

మరి ఏది కొనాలి?

మా తీర్పు సీసా వయసును బట్టి మారుతుంది. కొత్తగా వచ్చినది, చల్లగా నిలవ చేసినది దొరికితే డూవెల్, రెండో ఆలోచన లేదు. కానీ దాని అందం సన్నటి హాప్స్ వాసనలో, పదునైన చివరలో ఉంది కాబట్టి పాతబడితే అందరికంటే ముందు నష్టపోయేది అదే. తేదీ పాతగా ఉందనిపిస్తే వెస్ట్‌మల్లె తీసుకోండి. చిక్కటి మాల్టు, ఎక్కువ ఆల్కహాలు దాన్ని కాపాడతాయి, తేనె వాసన వచ్చినా దాని ఒంటికి నప్పుతుంది. చేదు పడనివాళ్లకు షూఫ్. డెలిరియమ్ ఇద్దరు కలిసి ఒక్క సీసా పంచుకునేటప్పుడు బాగుంటుంది, ఒక్కరే పూర్తి చేయడానికి కాదు. అమెరికాలో, కెనడాలో ఉన్న తెలుగువాళ్లకు ఇంకో దారి ఉంది. కాలిఫోర్నియా నార్త్ కోస్ట్ బ్రూవరీ వాళ్ల ప్రాంక్‌స్టర్, క్విబెక్ యూనిబ్రూ బ్రూవరీ వాళ్ల లా ఫాన్ దు మాండ్ అనే ఇలాంటి బీర్లను అక్కడికి దగ్గర్లోనే కాస్తారు. సముద్రం దాటి అలసిన డూవెల్ కంటే తాజా ప్రాంక్‌స్టర్ మేలు.

పక్కన ఏం పెట్టుకోవాలంటే, గోంగూర మటన్, మిర్చి బజ్జీ మాత్రం వద్దు. ఆల్కహాలూ గ్యాసూ కలిసి కారాన్ని రెట్టింపు చేస్తాయి, చేదు కూడా ముతకబారుతుంది. డూవెల్‌కు వేడి గారెలు, పలచటి కొబ్బరి చట్నీ బాగా కుదురుతాయి, నూనె జిడ్డును బుడగలు కడిగేస్తాయి. కారం తగ్గించి, ధనియాల పొడి పట్టించిన చేప వేపుడు షూఫ్‌కు. వెస్ట్‌మల్లెకు నేతిలో వేయించిన జీడిపప్పు, ఉప్పు చిటికెడు మాత్రమే.